తుడిచిన ఆకులు

సోమవారం భోజనాల గంట కొట్టేసరికి ఆకులమ్మ మూడు వరసల స్ట్రాబెర్రీ మొక్కల్ని తుడిచేసింది. తుడవడమంటే పైపైన దులిపేసి చేతులు కడుక్కోవడం కాదు. నడుమెత్తు తొట్ల ముందు స్టూలు వేసుకుని, ఒక్కో ఆకునీ ఎడమచేతి రెండు వేళ్ళమీద వెనక్కి తిప్పి పరుచుకుని, సబ్బునీళ్ళలో పిండిన స్పాంజితో తొడిమ నుంచి కొసదాకా ఒకసారి, నడి ఈనెకి అటూ ఇటూ మరోసారి. చంటిదాని మొహం తుడిచినట్టు. ఆకు చిరగకూడదు, పువ్వు రాలకూడదు, పండు మీద సబ్బుచుక్క పడకూడదు. ఎవరూ ఆవిణ్ణి చెయ్యమనలేదు. పొద్దున్నే ఆకు తిరగేస్తే ఎర్రెర్రగా ఏవో పరిగెడుతూ కనబడ్డాయి, అంతే, ఒళ్ళు మండిపోయింది.

"చూడండి సూపర్‌వైజరుగారూ, ఎన్ని చేరాయో మాయదారి పురుగులు! రెండు రోజులు చూడకపోతే ఇల్లే కట్టేసుకున్నాయి" అంటూ బకెట్టు ముందుకి తోసింది.

సూపర్‌వైజరు వంగి చూశాడు. సబ్బునురగ మీద ఎర్రటి నలకలు తేలుతున్నాయి. అవి శనివారం సాయంత్రం అతను చేతులారా చల్లిన పురుగులు.

మూడు వారాలుగా ఆ గ్రీన్‌హౌస్‌ని నల్లి పీడిస్తోంది. మంచాల్లో ఉండే నల్లి కాదు, ఆకు వెనక చేరి రసం పీల్చే నల్లి. పాలిపోయిన రంగు, వీపు మీద రెండు మచ్చలు, కూచున్నచోట కూచునే ఆకునంతా రాగిరేకులా మార్చేస్తుంది. తొక్క తియ్యకుండా తినే పండు కాబట్టి మందు కొట్టడానికి వీల్లేదని యజమాని పెద్దాయన పట్టుబట్టాడు. ఆ నల్లిని పట్టి తినే మరో పురుగుని ఎక్కడినుంచో నాలుగు సీసాల్లో, పొట్టులో కలిపి, మంచుపెట్టెలో పెట్టించి తెప్పించాడు. ఈ తినే పురుగు ఎర్రగా ఉంటుంది, ఒక్క క్షణం నిలవదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి దొంగ ఏదంటే ఎవరైనా పరిగెత్తేదాన్నే చూపిస్తారు. ఆకులమ్మా అదే చేసింది.

అందుకే అక్కడ ఒక పద్ధతి ఉంది. పురుగుల్ని వదిలినవాడు ఆ వరస మొదట్లో నీలం రిబ్బను కట్టాలి, ఆ వరస చూసే మనిషికి నోటితో చెప్పాలి. కట్టడమూ, చెప్పడమూ, రెండూ. శనివారం సాయంత్రానికి స్టోరుగదికి తాళం పడింది, రిబ్బను దొరకలేదు. సోమవారం పొద్దున చెబుదాంలే అనుకున్నాడు. సోమవారం పొద్దున మోటారు మొరాయించింది.

ఇవన్నీ నిజాలే కానీ అసలు నిజం వేరు. ఆకులమ్మ అతనికి అత్తగారు. భార్యని కన్నతల్లి, అతనింట్లోనే ఉంటుంది. పనిలో ఆవిణ్ణి ఏమని పిలవాలో తెలీక అతను అసలు పిలవడమే మానేశాడు. ఏదైనా కొత్త సంగతి చెబితే ఆవిడ ఊరుకునే రకం కాదు. అవి ఏం తింటాయి, నల్లి అయిపోయాక ఏం తింటాయి, పండుని కొరకవని పూచీ ఏమిటి అని వరసపెట్టి అడుగుతుంది. అన్నీ సరైన ప్రశ్నలే, సగానికి అతని దగ్గర జవాబుండదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. అల్లుడు అత్తకి పాఠం అప్పజెబుతున్నాడని ఓసారి ఒకావిడ అననే అంది. ఆ ముచ్చట తప్పించుకుందామని వాయిదా వేశాడు, అంతకంటే ఏమీ లేదు.

ఇప్పుడైనా ఒక్కమాట అనుండాల్సింది. "అత్తయ్యా, అవి మనవే, ఆపండి" అంటే సరిపోయేది. మిగిలిన మూడు వరసలైనా దక్కేవి. కానీ భోజనాలకి లేచిన ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ అటే వస్తున్నారు.

"ఇంక చాల్లెండి. నడుం నొప్పెడుతుంది" అన్నాడు.

"నా నడుముకేం, రాయిలా ఉంది. మీరెళ్ళి తినండి" అంది ఆవిడ, అల్లుడికి తనమీద ఎంత బెంగో అని మురిసిపోతూ. అన్నం పది నిమిషాల్లో ముగించి మళ్ళీ స్పాంజి అందుకుంది. నాలుగున్నరకల్లా ఆరు వరసలూ అద్దంలా చేసి పెట్టింది.

అయిదింటికి పెద్దాయన భూతద్దం పట్టుకుని వచ్చాడు. మొదటి వరసలో ఆకు తిప్పాడు, రెండో వరసలో తిప్పాడు, ఆరో వరస దాకా నడిచి వెనక్కి వచ్చాడు.

"ఏమయ్యా, సీసాల్లో పురుగులు పెట్టి పంపారా, ఒట్టి పొట్టు పంపారా?"

సూపర్‌వైజరు నోరు విప్పేలోపు ఆకులమ్మే ముందుకొచ్చింది. "ఎర్రపురుగులాండీ? పొద్దున్నుంచీ తుడిచిపారేశాను. ఒక్కటుంటే అడగండి" అంది. పొగుడుతాడని నించుంది, పాపం.

పెద్దాయన భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. ఆయన అరవడు, అదే ఆయనతో చిక్కు. "రిబ్బనేదీ?" అని అడిగాడు.

"స్టోరు తాళమేసుంది సార్."

"నోటితో చెప్పావా?"

పెద్దాయనకి ఒక నియమం ఉంది. తప్పు చేసినవాణ్ణి క్షమిస్తాడు, అబద్ధం చెప్పినవాణ్ణి మాత్రం ఆ పూటే గేటు దాటిస్తాడు. కిందటేడు డ్రైవరు గేటుకి బండి గుద్దినందుకు పోలేదు, గుద్దలేదన్నందుకు పోయాడు. సూపర్‌వైజరుకి ఇదంతా కంఠతా వచ్చు. చెప్పలేదు సార్, పొరపాటైంది అంటే నాలుగు మాటలు పడేవాడు, అక్కడితో తెగిపోయేది. తన కింద పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళ ముందు, అందులోనూ అత్తగారి ముందు, ఆ నాలుగు మాటలు పడటానికి ప్రాణం ఒప్పలేదు.

"చెప్పాను సార్" అన్నాడు.

ఆకులమ్మ చప్పున తలెత్తింది. "నాకా? నాకెవరూ చెప్పలేదండీ."

పెద్దాయన అతనివంక చూశాడు. వెనక్కి తిరగడానికి అప్పటికీ దారి ఉంది. అతను ఇంకో అడుగు ముందుకేశాడు. "శనివారం సాయంత్రం చెప్పాను సార్. పాపం, మర్చిపోయినట్టున్నారు."

ఆ 'పాపం' ఎక్కడినుంచి ఊడిపడిందో అతనికే తెలీదు. ఆవిడ అతని మొహంలోకి చూసింది. కోపంగా కాదు, వెయ్యిసార్లు చూసిన ఆకు మీద ఎన్నడూ లేని మచ్చ కనబడితే చూసినట్టు చూసింది. తర్వాత స్పాంజిని పిండి బకెట్టు అంచున ఆరేసింది.

"వయసు కదమ్మా, ఎవరికైనా తప్పదు. కానీ మొక్కల దగ్గర మతిమరుపు కుదరదు. రేపట్నుంచి చల్లగదిలో పండ్లు ఏరు" అన్నాడు పెద్దాయన. తిట్టలేదు, జాలిపడ్డాడు. తిట్టుంటేనే నయమనిపించింది సూపర్‌వైజరుకి.

*

ఇంటికెళ్ళాక పిడుగు పడుతుందని అతను కాచుకు కూచున్నాడు. భార్య కుట్టుమిషను మీంచి లేచి వచ్చి, "అమ్మా, మొహం అలా ఉందేం?" అని అడగనే అడిగింది.

"ఏం లేదే, పండ్లు ఏరే గదికి మార్చారు. నీడపట్టున కూచుని చేసే పని. ఇన్నాళ్ళకి సుఖపడుతున్నా" అంది ఆవిడ, కంచాలు సర్దుతూ. అతనివైపు చూడలేదు. చూడకుండానే అతని కంచంలో రెండోసారి కూర వేసింది. "తినండి బాబూ, ఇవాళ మోటారుతో బాగా తంటాలు పడ్డారట."

అతను కూర కలుపుకుంటూ కూచున్నాడు. దులిపేస్తే బావుండేది, మూతి ముడిచినా బావుండేది, కనీసం కూరలో ఉప్పెక్కువైనా బావుండేది. ఏవీ జరగలేదు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే ఆవిడ చెంబుతో నీళ్ళు పోసింది. "అత్తయ్యా" అన్నాడు. "తువ్వాలు తలుపు మీదుంది" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

చల్లగది అంటే పెద్ద ఫ్రిజ్‌లో కూచోవడమే. గోడలకి తెల్ల రేకు, మధ్యలో స్టీలు బల్ల. ట్రేల్లో వచ్చిన పండ్లని ముట్టుకుని, నొక్కకుండా గట్టివీ మెత్తవీ వేరు చెయ్యాలి. ఉన్ని చేతితొడుగులు వేసుకుంటే పండు మెత్తదనం తెలీదు. పల్చటి రబ్బరువి వేసుకుంటే గంటలో వేళ్ళు కొయ్యబారతాయి. ఆకులమ్మ రబ్బరువే వేసుకుంది. పని సగం సగం చెయ్యడం ఆవిడ వల్ల కాదు.

మంగళవారానికల్లా కబురు అందరికీ పాకింది. ఆవిడకి మతిమరుపొచ్చిందట. ఎవరూ చెడ్డగా అనలేదు, అందరూ మంచిగానే అన్నారు. ఒకావిడ అన్నం డబ్బా చేతికిచ్చి, "ఇది నీదేనమ్మా" అని గట్టిగా, చెవిటిదానికి చెప్పినట్టు చెప్పింది. గేటు దగ్గర కాపలామనిషి, "ఇల్లు అటు, ఇటు కాదు" అని నవ్వించబోయాడు. ఆకులమ్మ కూడా నవ్వింది. వెనక వస్తున్న సూపర్‌వైజరు చెప్పులో రాయి పడ్డట్టు నటించి అక్కడే ఆగిపోయాడు.

ఆ ఆరు వరసల్లోకి మరొకావిడ వచ్చింది. మంచిదే కానీ ఆకుని పక్కకి నెట్టి పండు మాత్రం చూస్తుంది. తుడుపుకి కొంత పోయినా ఆకు ముడతల్లో, మొగ్గల్లో నల్లి మిగిలే ఉంది. తినే పురుగు పోయాక దానికి అడ్డెవరు? బుధవారం మధ్యాహ్నానికి మూడో వరసలో ఆకుల మధ్య సన్నటి బూజు అల్లుకుంది. కొత్త సీసాలు రావడానికి పది రోజులు పడుతుంది. అందాకా మిగతా గ్రీన్‌హౌస్‌ని కాపాడాలంటే బూజు పట్టిన వరసలు పీకెయ్యాల్సిందేనన్నాడు పెద్దాయన. మూడు వరసలు పీకారు. కాయలూ పువ్వులూ ఉండగానే మొదలంటా తెంపి నల్ల ప్లాస్టిక్ సంచుల్లో కుక్కారు.

సంచులు చల్లగది ముందు నుంచే వెళ్ళాలి. సూపర్‌వైజరు రెండు చేతుల్లో రెండు పట్టుకుని గబగబా దాటిపోబోయాడు.

"ఆగండి" అంది ఆకులమ్మ తలుపు తీసుకుని. ఒక సంచి మూతి వదులుగా ఉంది. ఆ సందులోంచి నల్లి దారంతా రాలుతుందని ఆవిడకి తెలుసు. మూతి మెలిపెట్టి ముడెయ్యబోయింది. వేళ్ళు వంగలేదు. రెండోసారి ప్రయత్నించింది. మూడోసారి పళ్ళతో లాగి బిగించింది.

"నా మూడో వరసేనా ఇది?" అని అడిగింది.

అతను తలూపాడు. ఆవిడ సంచిని ఒకసారి నిమిరి లోపలికి పోయింది. అతను సంచులు చెత్తబండిలో వేసొచ్చి, మోటారుగదిలోకి వెళ్ళి చాలాసేపు కూచున్నాడు. తన బతుకు మీద తనకే అసహ్యమేసింది.

*

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య మిషను మూసేసి వాకిట్లో నించుంది.

"అమ్మకి మతిమరుపట. వీధివీధంతా తెలుసు, నాకు తెలీదు. మీ కళ్ళముందే జరిగిందటగా, ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

అతను చెప్పులు విడుస్తూ లోపలికి చూశాడు. ఆకులమ్మ వెనకగదిలో గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని కూచునుంది.

"ఏమ్మా, నిజమేనా? శనివారం చెప్పింది సోమవారానికి మర్చిపోయావట?" అంటూ భార్య తల్లి దగ్గరికి పోయింది. "నిన్న ఉల్లిపాయలు తెమ్మంటే తేలేదు, నేను గమనించనే లేదు. మొన్న నా పేరు బదులు పిన్ని పేరు పిలిచావు." చెబుతూ చెబుతూ ఏడుపు మొదలెట్టింది. ఎవరి తల్లయినా ఏదో ఒకటి మర్చిపోతుంది. వెతికితే దొరక్కపోదు.

ఆకులమ్మ తలుపు దగ్గర నించున్న అల్లుడి వంక ఒక్కసారి చూసింది. ఇప్పుడు చెప్పేస్తుంది, చెప్పెయ్యనీ అనుకున్నాడు.

"ఏడవకే. శనివారం డాక్టరుకి చూపిద్దువుగాని" అంది ఆవిడ.

అల్లుడి పేరు కాపాడటానికి కన్నకూతురి ముందు కూడా ఆ మచ్చ మోస్తోంది. ఇంక ఆ రాత్రి అతనికి నిద్రేముంటుంది! రేపు పొద్దున్నే పెద్దాయనకి చెప్పెయ్యాలి, ఏమైతే అదవుతుంది అని వందసార్లు అనుకున్నాడు. వందోసారికి మొదటిసారంత భయం వెయ్యలేదు.

*

పెద్దాయన ఆఫీసంటే గ్రీన్‌హౌస్ మూలన అద్దాల గది. శుక్రవారం పొద్దున ఆయన ఒక పండుని చాకుతో నిలువునా కోసి లోపల చూసుకుంటున్నాడు.

"సార్, సోమవారం నేను అబద్ధమాడాను. ఆవిడకి నేను చెప్పలేదు. మర్చిపోవడం అంతా నేను కల్పించింది" అన్నాడు సూపర్‌వైజరు. మాటలు ముందే కూడబలుక్కున్నాడు కాబట్టి ఒక్క ఊపిరిలో వచ్చేశాయి.

పెద్దాయన చాకు కింద పెట్టాడు. తలుపు తీసి, ఆకులమ్మని పిలవమని ఎవరికో చెప్పాడు.

ఆవిడ రబ్బరు తొడుగులతోనే వచ్చింది. అద్దాల గది వెచ్చదనానికి తొడుగుల మీద చెమట పట్టింది.

"చూడమ్మా, నిజం చెప్పు. శనివారం నీకు ఆ పురుగుల సంగతి మీ అల్లుడు చెప్పాడా, లేదా?"

సూపర్‌వైజరు తలొంచుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి భుజాలు తేలికయ్యాయి. గేటు దాటాల్సిందే, దాటతాను, ఆవిడ మాత్రం తన వరసల దగ్గరికి వెళ్తుంది.

"చెప్పారండీ" అంది ఆకులమ్మ.

అతను చివ్వున తలెత్తాడు.

"సాయంత్రం వెళ్ళేటప్పుడు చెప్పారు. నేనే మర్చిపోయాను. తెల్లారేసరికి బుర్రలో లేదు."

"సార్, కాదు సార్! ఆవిడ నాకోసం..."

"నువ్వుండవయ్యా" అని పెద్దాయన నవ్వాడు. ఆయన నవ్వడం అక్కడెవరూ అంతగా చూసినవాళ్ళు లేరు. "అత్తగారు చలిలో కూచుంటే చూళ్ళేక తప్పు నెత్తిన వేసుకుందామనుకున్నావు. అబద్ధమంటే నాకు గిట్టదని తెలిసీ ఈ అబద్ధం చెప్పావు చూడు, దీనికి నేను నిన్ను ఏమీ అనను. అల్లుడంటే నీలా ఉండాలి. పోండి, పని చూసుకోండి." కోసిన పండులో ఒక సగం అతని చేతిలో పెట్టాడు.

అతను ఆ సగం పండు పట్టుకుని బయటికొచ్చాడు. నడవాలో ఆవిడ ముందు నడుస్తోంది. ఎవరూ లేరు.

"ఎందుకలా చెప్పారత్తయ్యా?"

"మరేం చెప్పమంటారు? డ్రైవర్ని పంపేసినప్పుడు నేనిక్కడే ఉన్నాను" అంది ఆవిడ, తిరక్కుండా. "సోమవారం చెప్పుంటే ఒక చివాటుతో పోయేది బాబూ. ఇవాళ చెబితే మీ పని పోతుంది. నా కూతురు ఏం కావాలి?"

"మరి మీ సంగతి?"

"నాకేం! మర్చిపోయానంటే ఎవరైనా నమ్ముతారు." తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగింది. "మీరు ఆ రోజు పాపం అన్నారు. ఆ ఒక్కటీ అనకుండా ఉండాల్సింది."

తలుపు తెరుచుకుంది, చల్లగాలి తగిలింది, మూసుకుంది.

*

శనివారం సాయంత్రం ముగ్గురూ డాక్టరు గదిలో కూచున్నారు. డాక్టరు కుర్రది, కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ ఆకులమ్మని చకచకా అడిగింది. ఇవాళ ఏ వారం? వందలోంచి ఏడు తీసేస్తే ఎంత? మూడు మాటలు చెబుతాను, కాసేపాగి తిరిగి చెప్పండి. ఆకులమ్మ అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. మూడు మాటలూ వరస తప్పకుండా అప్పజెప్పింది.

"బాగానే ఉన్నారే!" డాక్టరు కూతురివైపు తిరిగింది. "మతిమరుపు ఎప్పట్నుంచి?"

"ఏమండీ, మీరే కదా చూసింది. చెప్పండి" అంది భార్య.

ముగ్గురూ అతనివంక చూశారు. ఆకులమ్మ తల అడ్డంగా, ఎవరికీ తెలియనంత చిన్నగా ఊపింది. వద్దంటోంది. ఇక్కడ నిజం చెబితే పని పోదు. పోయేది భార్య ముందు అతని పరువు.

"ఆవిడేమీ మర్చిపోలేదు. నేను అసలు చెప్పనే లేదు. అందరిముందూ మాట పడాల్సొస్తుందని ఆవిడ మీదకి తోసేశాను. నిన్న ఒప్పుకుంటే, నా పని పోతుందని ఆవిడే అడ్డుపడింది" అన్నాడు.

భార్యకి అర్థమవడానికి కొంత టైము పట్టింది. అర్థమయ్యాక, అతనికీ తనకీ మధ్య ఉన్న కుర్చీ మీదనుంచి తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, తల్లివైపు జరిగి కూచుంది. జరిగింది జానెడే. అతనికి ఆ జానెడూ కనబడింది.

డాక్టరు ఇబ్బందిగా గొంతు సవరించుకుంది. "అయితే ఇంక మందులెందుకు, ఇంటికెళ్ళండి."

"వచ్చాను కాబట్టి ఇవి చూడండమ్మా" అంటూ ఆకులమ్మ చేతులు బల్లమీద పెట్టింది. వేళ్ళు కణుపుల దగ్గర వాచి, కొసలు నీలంగా కమిలి ఉన్నాయి. నాలుగు రోజులుగా వాటిని గోరువెచ్చటి నీళ్ళలో, కొంగులో, పిండిగిన్నెలో దాస్తూ వచ్చింది. కూతురు "అమ్మా!" అంది.

డాక్టరు ఎడమచేతి రెండు వేళ్ళు పట్టుకుని మెల్లగా వంచింది. ఆవిడ పళ్ళు బిగబట్టింది.

"ఈ రెండూ బాగా బిగుసుకున్నాయి. నొప్పి తగ్గుతుంది కానీ మునుపట్లా వంగుతాయో లేదో చెప్పలేను. ఏం పని చేస్తారు మీరు?"

"ఆకులు చూస్తానండీ" అంది ఆకులమ్మ. అంతలోనే తనే దిద్దుకుంది. "చూసేదాన్ని."

డాక్టరు ఆ మాట కాగితం మీద రాసుకుంది.